మగ్గానికి వీపు పెట్టి కూర్చున్న సారు

బొమ్మల సారు పోయారని కల్వకుర్తి నుంచి ఫోన్ వస్తే నేను వెంటనే నమ్మలేదు. తెలియని నంబరు, ఆడగొంతు. "నేను వాళ్ల అక్కను మాట్లాడుతున్న బిడ్డా" అంది. ఏ అక్క, ఏ ఊరు అని అడిగాను. ఫోన్లో చావు కబురు చెప్పి, తరువాత ఓటీపీ అడిగేవాళ్లున్న రోజులివి. సారు కుడిచేతి బొటనవేలి గుర్తేమిటో చెప్పమన్నాను. ఆమె, "గోరు లేదు బిడ్డా. చిన్నప్పుడు గొర్ల ఉన్ని కత్తిరిచ్చేటప్పుడు పోయింది" అంది. అప్పుడు నమ్మాను. నమ్మాక మగ్గం పక్కనే కూలబడి ఏడ్చాను.

ఆయన గురించి మీకు చెప్పాలంటే ముందు నా గురించి ఒక మాట చెప్పాలి. మాది పోచంపల్లి, నేత ఇల్లు. నాకు అనుమానం ఎక్కువని మా వీధంతా అంటుంది. పాలలో నీళ్లెన్నో చూసేవాళ్లుంటారు గానీ ఇది నీళ్లలో కూడా నీళ్లెన్నో చూస్తుందని మా ఆయన ఎగతాళి చేస్తాడు. చేయనీ. నేతవాళ్ల ఇంట్లో ఒక్కరైనా అట్లా ఉండాలి. బొమ్మల సారు మా పైగదిలో అద్దెకున్నన్నాళ్లూ నేను ఆయన్ని అనుమానిస్తూనే ఉన్నాను. ఆయన కూడా అది తెలిసే ఉన్నారు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు అనుకుంటాను, ఒక రేకుపెట్టె, రెండు దీపాల స్టాండ్లు, మెడలో కెమెరాతో బస్సు దిగి వచ్చి మా వాకిట్లో నిలబడ్డారు. యాభై దాటిన మనిషి, వెంట ఎవరూ లేరు. హైదరాబాదులో ఏదో ప్రకటనల కంపెనీలో బొమ్మలు గీసే ఉద్యోగం వదిలేశారట. "పైగది కిరాయికి ఇస్తరని చెప్పిన్రు చెల్లే. నాకు కిటికీలు అక్కర లేదు. ఉన్నయి కూడ మూసుకుంట" అన్నారు. గాలి రావడం లేదని గొడవ పెట్టుకునే కిరాయిదారులను చూశాను గానీ, కిటికీ వద్దనేవాణ్ని ఎక్కడా చూడలేదు. నేను ఆలోచిస్తూ ఉండగానే మా మామ, అంటే మా ఆయన నాయిన, "రా సారూ, జాగా ఉన్నది" అని లోపలికి పిలిచేశాడు.

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. కొత్త డిజైను మగ్గమెక్కితే, పరాయివాళ్లు గడపలోకి అడుగు పెట్టేలోపు దాని మీద దుప్పటి పడాలి. చీరలు బజారుకు వెళ్లి నాలుగు అమ్ముడయ్యేదాకా అంతే. మా మామ గళ్ల కాగితం ముందు పెట్టుకుని, నూలు మీద రబ్బరు పీలికలతో కట్లు కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి ఒక బొమ్మను దించడానికి నెలలు పడుతుంది. ఎవడో వచ్చి దాన్ని ఫోటో కొట్టుకుపోతే ప్రింటు మిల్లులో ఒక్క పూట పని. అద్దకపు చీర వందల్లో దొరుకుతుంటే మా నేసిన చీర ఎవరు కొంటారు? ఆ ఏడు మామ పాలపిట్టను కడుతున్నాడు. నీలి రెక్క, తలమీద ముదురు నీలం, కన్ను దగ్గర ఒక్క తెల్ల చుక్క. అది అమ్ముడైతేనే మా ఇల్లు నడిచేది. సరిగ్గా అప్పుడే మెడలో కెమెరా ఉన్న మనిషి ఇంట్లో దిగాడు.

మొదటిరోజు చాయ్ తాగడానికి కిందికి వచ్చినప్పుడు నేను దుప్పటి కప్పబోయాను. ఆయన చూశారు. కుర్చీని తిప్పి, మగ్గానికి వీపు పెట్టి కూర్చున్నారు. ఆ తరువాత ఎప్పుడొచ్చినా అంతే, ముందు కుర్చీ తిప్పుకోవడం, తరువాత కూర్చోవడం. వేరేవాళ్లయితే పొంగిపోయేవాళ్లేమో. నేను మాత్రం ఆయనకు ఎదురుగా గోడమీదున్న అద్దాన్ని తీసి వంటింట్లో పెట్టాను.

ఆయన నన్ను మొదటి మాట నుంచే చెల్లే అన్నారు. నేను సారూ అనే పిలిచాను. అన్నా అంటే సరాసరి ఇంట్లోకి వచ్చేస్తారని నా భయం.

పైన ఏం చేస్తున్నాడో తెలుసుకోవాలని చాయ్ సాకుతో ఒకరోజు మేడెక్కాను. కిటికీలకు నల్లగుడ్డలు. బల్ల మీదికి వంగి చూస్తున్న కెమెరా. దాని కింద మేము ఊడ్చి పారేసిన నూలు పీలికలు. ఆ గోరులేని వేలితో ఒక ఎర్ర పోగును నువ్వుగింజంత జరిపి, ఫోటో తీసి, మళ్లీ జరిపి, మళ్లీ తీస్తున్నారు.

"ఏం జేస్తున్నరు సారూ?"

"పోగును నడిపిస్తున్న చెల్లే."

"ఎక్కడికి?"

"గది దానికే తెల్వాలె."

కిందికి వచ్చి మామతో చెప్పాను, ఈ మనిషిని నమ్మవద్దని. ఎక్కడికి పోతున్నాడో చెప్పనివాణ్ని ఎట్లా నమ్ముతాం? మామ కట్టు కడుతూ, "నీ చాయ్ తాగిండా లేదా?" అని మాత్రం అడిగాడు.

ఇంకోసారి రెండు కాగితాలు చూపించారు. రెండింటి మీదా మిడత బొమ్మ. "ఒకటేనా?" అని అడిగారు. డిజైన్లు చూసి చూసి పండిన కన్ను నాది. వెతికి వెతికి చూసి ఒకటే అన్నాను. ఆయన ఒకదాని మీద ఒకటి పెట్టి, పై కాగితాన్ని వేలితో గబగబా ఎత్తి దించారు. మిడత కాలు టకటకా కొట్టుకుంది. మిగతా ఒళ్లంతా రాయిలా ఉంది.

"పక్కపక్కన పెడితే కన్ను మోసపోతది చెల్లే. ఒకదాని మీద ఒకటి పెట్టి తిప్పు. ఎక్కడ తేడా ఉన్నదో గదొక్కటే కదులుతది. నా పనంత గింతే" అన్నారు.

బాగుంది అనుకున్నాను. వెంటనే ఇంకోటి కూడా అనుకున్నాను, డిజైన్లు పోల్చి చూసే విద్య మిల్లులవాళ్లకు గాక ఇంకెవరికి కావాలని.

ఆయన తీసేవి చిన్న సినిమాలు. ఐదారు నిమిషాలు కూడా ఉండవు. మనుషులు ఉండరు, కథ ఉండదు, పాట అసలే ఉండదు. మా వీధి పిల్లగాళ్లు షార్ట్ ఫిలిం అంటే ప్రేమకథ అనుకుని వేషాలు అడగడానికి వచ్చి, నూలు పీలికలు చూసి వెళ్లిపోయారు. ఒక సాయంత్రం మా మేడ మీద తెల్ల పంచె కట్టి ఒక సినిమా వేశారు. పంచె మీద రంగురంగుల పోగులు పాకుతున్నాయి, కలుస్తున్నాయి, విడిపోతున్నాయి. వెనక మా మగ్గం చప్పుడే వస్తోంది. ఉన్నట్టుండి ఎర్ర పోగు నడిమధ్యన తెగి రెండు ముక్కలూ చెరో దిక్కుకు పోయాయి. ఇక చూడండి, ఆడవాళ్లందరూ ఒక్కసారిగా "అయ్యో తెగింది!" అన్నారు. మామ లేచి, "గట్ల ఇడిచిపెడుతరా సారూ? ముడెయ్యరాదుండ్రి!" అని పంచె దాకా వెళ్లాడు. సారు కడుపు పట్టుకుని నవ్వారు. తరువాత కళ్లు తుడుచుకుంటూ, పెద్ద పెద్ద ఊళ్లలో ఈ సినిమా చూసి ఏవేవో అర్థాలు చెప్పారట గానీ తెగిన పోగుకు బాధపడ్డది మీరే అన్నారు. అప్పుడు ఆయన మొహం చూసి నాకు కాస్త ఇష్టం కలిగిన మాట నిజం. మరునాటికి సర్దుకున్నాను.

పాలపిట్ట మొదటి చీర మగ్గం దిగిన రోజున ఇంట్లో పెద్ద దిగులు. కన్ను దగ్గరి కట్టు రంగులో జారి, తెల్లగా ఉండాల్సిన చుక్కలోకి నీలం ఎక్కింది. ఒక కట్టు జారితే ఆ నూలుతో దిగే పిట్టలన్నిటికీ అదే గతి. చీర నిండా గుడ్డి పిట్టలు. తప్పుపడ్డ చీరను మా మామ ఎన్నడూ అమ్మలేదు. ఇంటి ఆడపిల్లలకో కోడళ్లకో పెట్టేస్తాడు. సారు ఈ సంగతి విని మేడ దిగి వచ్చారు. "గా చీర నాకిస్తరా చెల్లే? తప్పుపడ్డదే నాకు గావాలె" అని బతిమాలారు. మంచి చీర వద్దట, పాడైన చీర కావాలట! నాకు ఒళ్లంతా అనుమానమే అయింది. ఇది ఇంట్లో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఆయన చేతికి పోతుందని, ఆ వారంలోనే మా తమ్ముడి భార్యకు పసుపు కుంకుమతో పెట్టి పంపేశాను. సారు మళ్లీ అడిగితే ఆ మాటే చెప్పాను.

మా తమ్ముడు హైదరాబాదులో బట్టల వ్యాపారంలో ఉన్నాడు. మా చీరలు పట్నం దుకాణాలకు చేర్చేది వాడే. వాడు వస్తే మగ్గానికి ఎదురుగా కుర్చీ వేసుకుని, "అక్కా, ఈసారి ఏం ఎక్కించిన్రు?" అంటూ చాయ్ తాగుతాడు. తోడబుట్టినవాడు వచ్చాడని మగ్గం మీద ఎవరైనా దుప్పటి కప్పుతారా?

రెండో చీర నుంచి మామ కట్టు బిగించాడు. కళ్లు తెల్లగా వచ్చాయి. చీరలు పట్నం వెళ్లాయి. అప్పుడు సారు మామను ఒక పని అడిగారు. ఒక పొడుగాటి బట్ట మీద మన పాలపిట్టనే వరసగా కట్టాలట. కాకపోతే ఒక్కో పిట్టకు రెక్క ముందుదానికంటే కొంచెం పైకి ఉండాలి. ఆ బట్టను పిట్ట తరువాత పిట్టగా ఫోటో తీస్తే, సినిమాలో పిట్ట ఎగురుతుందట. అన్నీ గళ్ల కాగితాల మీద గీసి ఇచ్చారు. మామ చాలా శ్రద్ధగా చేశాడు. ఒక్కో పిట్టకూ విడిగా కట్లు కట్టాడు, ఇంట్లో ఎవరినీ చేయి పెట్టనివ్వలేదు. మా ఆయన నేశాడు.

బట్ట విప్పి పరిచిన రోజు నాకింకా గుర్తుంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా పిట్టలన్నీ రెక్కలు ముడుచుకుని ఒక్క తీరుగా కూర్చున్నాయి. సారు బట్ట పొడుగునా వంగి నడిచారు, మళ్లీ వెనక్కి నడిచారు.

"నీ గీతల్ల తప్పులున్నయి సారూ" అన్నాడు మామ గర్వంగా. "ఒక్కో రెక్క ఒక్కో తీరుగున్నది. ఫికర్ జెయ్యకు, అన్ని నేను సరిజేసిన. ఇన్ని పిట్టల్ల ఒక్క పోగు తేడ సూపియ్యి!"

బతుకంతా ఒక పిట్టను ఇంకో పిట్టలా దించడమే ఆయన పని. తేడా కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. నెలల పని, ఖర్చయిన నూలు, ఎగరని పిట్ట. ఇప్పుడు ఈ మనిషి అసలు రంగు బయట పడుతుందని నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాను. సారు మామ రెండు చేతులూ పట్టుకుని, "మంచిగున్నది పెద్దాయినా. కొన్ని పిట్టలు ఎగరయి. గది కూడ నిజమే" అన్నారు. నాకైతే ఆ ఓర్పు కూడా నటనేమో అనిపించింది.

కొన్నాళ్లకు హైదరాబాదు బస్సులో నా ముందు సీటులో ఒకామె మా పాలపిట్టను కట్టుకుని కూర్చుంది. వేలితో కొంగు తాకి చూశాను. అద్దకం. అదే రెక్క, అదే మెడ. కన్ను మాత్రం లేదు. పాడుముండావాళ్లకు చుక్క పెట్టే ఓపిక కూడా లేదు అనుకున్నాను. బజారులో అటువంటిదే ఒకటి దొరికితే కొని తెచ్చాను. ఆ నెలలోనే మా చీరలు దుకాణాల నుంచి తిరిగి రావడం మొదలైంది. తెచ్చినవాడు తమ్ముడే. "ఏం జెయ్యాలె అక్కా, ప్రింటు వచ్చింది గదా" అని తల పట్టుకున్నాడు. మామ ఆ తరువాత మళ్లీ పాలపిట్టను కట్టలేదు. ఆయన కట్టిన వాటిల్లో అదే ఆయనకు ఇష్టమైనది.

వీధంతా మా మేడ వైపే చూసింది. నేను ప్రింటు చీరను తీసుకెళ్లి సారు బల్ల మీద పడేశాను.

"మా కడుపు కొట్టింది నువ్వే గదా సారూ?" అన్నాను. మీరు అనే మాట కూడా పోయింది.

ఆయన చీర అందుకుని దీపం కింద పెట్టి చూశారు. పిట్ట కన్ను ఉండాల్సిన చోట ఆ గోరులేని వేలు పెట్టి చాలాసేపు ఉంచారు. తరువాత నా మొహంలోకి చూశారు. ఏదో చెప్పబోయి ఆగిపోయారని ఇప్పుడనిపిస్తోంది. అప్పుడు మాత్రం దొరికిపోయి మాట రావడం లేదనుకున్నాను.

"గీ చీర నేను తీస్కోవచ్చా చెల్లే?"

"తీస్కో. నీదే గదా."

"అనుమానం మంచిదే" అన్నారు నెమ్మదిగా. "అది లేకుంటే నేతోళ్ల ఇల్లు నిలబడదు. గని జర నాలుగు దిక్కుల సూడాలె."

నాకే బుద్ధులు చెబుతున్నాడని మండిపోయింది. నెల తిరిగేలోపు ఆ పిట్టల బట్టనూ ప్రింటు చీరనూ పెట్టెలో పెట్టుకుని, గది ఖాళీ చేసి, కల్వకుర్తిలో అక్క దగ్గరికి వెళ్లిపోయారు. మామ బస్సు దాకా వెళ్లి పెట్టె ఎక్కించి వచ్చాడు, నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

అయినా ఆయన మమ్మల్ని వదలలేదు. పండుగలకు ఫోన్ చేసేవారు. మామ ఏం కడుతున్నాడని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు, తింటున్నాడా అనే అడిగేవారు. మామ దవాఖానలో ఉన్నప్పుడు వచ్చారు, పోయినప్పుడూ వచ్చారు. అన్ని చావు పనుల మధ్య, మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉంది. కప్పే తీరిక ఎవరికీ లేదు. ఆయన లోపలికి వచ్చి, అంత ఏడుపులోనూ ముందు కుర్చీ తిప్పుకుని, మగ్గానికి వీపు పెట్టి కూర్చున్నారు.

పెద్దకర్మకు నేనూ మా ఆయనా కల్వకుర్తి వెళ్లాం. ఊరి బయట గొర్రెల దొడ్డి పక్కన రెండు గదుల ఇల్లు. వాళ్ల అక్క ముసలామె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "గొర్లను కాయమంటే వాటి నీడలను కాసెటోడు బిడ్డా మా తమ్ముడు" అని నవ్వింది, ఏడ్చింది. తరువాత గోడకున్న టీవీ పెట్టించింది. "మీ ఊరి పిట్ట సినిమా ఒకటున్నది. తనున్నన్ని రోజులు ఎవ్వలకు సూపియ్యద్దన్నడు. ఇప్పుడు లేడు గదా."

తెర నిండా మామ పాలపిట్ట. వెనక మగ్గం చప్పుడు. పిట్ట కదల్లేదు. రెక్క ముడుచుకుని అట్లాగే ఉంది. వాకిట్లోకి ఎండ వచ్చినట్టు వెలుగు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరిగింది. అప్పుడు పిట్ట కన్ను మూసింది. తెరిచింది. మళ్లీ మూసింది. ఒళ్లంతా ఎక్కడిదక్కడే, కన్నొక్కటే.

"పిట్ట కన్ను కొడుతాంది సూడు!" అని వెనక ఎవరో నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. నేను చూస్తున్నది ఒక పిట్టను కాదు. మామ చేతి పిట్ట ఒకటి, ప్రింటు చీర పిట్ట ఒకటి. ఒకదాని మీద ఒకటి పెట్టి తిప్పారు. తేడా ఎక్కడుందో అదొక్కటే కదులుతోంది. పట్నం దుకాణాలకు పోయిన చీరలన్నిటిలో పిట్టలకు కళ్లున్నాయి. సారు దగ్గరున్న బట్టలోనూ ఉన్నాయి. మిల్లువాడు కన్ను పెట్టడం మరిచిపోలేదు. వాడికి దొరికిన చీరలోనే కన్ను లేదు. కన్నులేని పిట్టల చీర ఈ లోకంలో ఒక్కటే ఉంది. దాన్ని సారు అడిగితే ఇవ్వకుండా నా చేతులతో నేనే పసుపు కుంకుమ పెట్టి పంపాను.

సినిమా అయిపోయాక కూడా నేను లేవలేదు. మా ఆయన భుజం తట్టి పిలిచాడు.

మరదలు ఆ చీరను ఎవరికైనా కట్టుకోవడానికి ఇచ్చి ఉండొచ్చు. అక్కడి నుంచి పోయి ఉండొచ్చు. అనుమానించడం నాకు వచ్చినంతగా ఎవరికీ రాదు గాబట్టి అన్ని వైపులా అనుమానించి చూశాను. ఎటు తిప్పినా చివరికి తమ్ముడి గడప దగ్గరే ఆగుతోంది. సారుకు ఆ రోజే, ఆ దీపం కింద చీర చూసినప్పుడే తెలిసి ఉండాలి. ఒక్క మాట అంటే చాలు, ఆయన మీది మచ్చ పోయేది. అనలేదు. అని ఉంటే నేను నమ్మేదాన్నా? అక్కా తమ్ముళ్ల మధ్య పుల్లలు పెడుతున్నాడని ఇంకో నాలుగు తిట్టేదాన్ని. లేదా పిట్ట కన్ను ఆర్పడం ఆయనకు నచ్చి ఊరికే సినిమా తీసుకున్నారేమో, అదీ తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. ఇన్నేళ్లుగా తమ్ముడి ఇంట్లో నేను నవ్వుతూ తిన్న పండుగ భోజనాలన్నీ ఆయన నోరు మెదపకపోవడం వల్లే నాకు దక్కాయి. ఆయన్ని అనుమానించినందుకు నేను సిగ్గుపడను. కెమెరా ఉన్న మనిషిని ఏ నేతింటి కోడలైనా అనుమానించాల్సిందే. నాలుగు దిక్కులా చూడమన్నప్పుడు వినలేదు, అదే నన్ను కోస్తోంది.

బయలుదేరేటప్పుడు వాళ్లక్క ఆ పొడుగాటి బట్టను మడత పెట్టి నా చేతిలో పెట్టింది. "మీ మామ చేతి పని. మీ ఇంట్లనే ఉండాలె" అంది. తీసుకుని, "అన్న మంచోడు" అన్నాను. ఆ పిలుపు నా నోటి నుంచి రావడం అదే మొదలు. వినాల్సిన మనిషి లేడు.

నిన్న పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. "బస్సుల ఉన్న అక్కా. కొత్త డిజైను ఎక్కిందట గదా, బావ చెప్పిండు."

ఈసారి మగ్గం మీద ఉన్నది మా ఆయన మొదటిసారి సొంతంగా కట్టిన డిజైను. పెట్టెలోంచి సారు బట్ట తీసి దులిపి, మగ్గం మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా కప్పాను. ఎక్కడా ఒక్క పోగు కనబడకుండా అంచులు సర్దాను.

తమ్ముడు వచ్చి, కుర్చీ ఎప్పటిచోటే వేసుకుని, తలెత్తి చూసి ఆగిపోయాడు. తరువాత చిన్నగా నవ్వి, "గిదేందక్కా? నేను గూడ పరాయోన్నైతినా?" అన్నాడు.

"కూసో. చాయ్ తెస్త" అన్నాను.

వంటింటి గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి చూశాను. వాడు బట్ట వైపు చూడలేక తల వంచుకుని ఫోన్ తీశాడు. వాడి ఎదురుగా మామ కట్టిన పాలపిట్టలు వరసగా, ఒక్క పోగు తేడా లేకుండా, కళ్లు తెరుచుకుని కూర్చున్నాయి.